పెన్ను చప్పుడు

కష్టాన్ని కష్టమని అనకూడదట. అవకాశం అనాలట. ఈ మాట కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు జన్మలో పంటినొప్పి కూడా వచ్చి ఉండదు. తార్నాకలో, మెట్రో స్టేషన్ వెనక సందులో, శైలజ ఉండే గదిలో ఆ మాట ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. అంటించింది ప్రియాంక. శైలజతో పాటు అదే గదిలో ఉంటుంది, కడప పిల్ల, హబ్సిగూడలో ఏదో ఆఫీసులో ఉద్యోగం. బంగారంలాంటి పిల్ల. కానీ బంగారాన్నైనా రోజంతా నెత్తిన పెట్టుకుంటే మెడ నొప్పి పుట్టదూ? ఆ కాగితం మీది అక్షరాలు శైలజకు ఇప్పుడు కనిపించవు. చూపు పోవడం వల్ల ఆమెకు కలిగిన సుఖం అదొక్కటే.

చూపు ఒక్కసారిగా పోలేదు. ముందు రేచీకటి అన్నారు. ఆకుకూరలు తినమన్నారు, తిన్నది. తర్వాత పక్కనుంచి వచ్చే మనుషులు కనబడటం మానేశారు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్న కాస్తే మిగిలింది. ఇప్పుడు ఆ కాస్త కూడా పొగచూరిపోయింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి అడ్డం వస్తే నీడ తెలుస్తుంది, అచ్చులో ఉన్న అక్షరం మాత్రం ఎంత దగ్గర పెట్టుకున్నా తెలియదు. రెటీనా జబ్బు, మందు లేదు, ఆపరేషన్ లేదు అని డాక్టర్లు చెప్పేశారు. ఒక డాక్టరైతే ధైర్యంగా ఉండమ్మా అని కూడా అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అసలు గొడవ పరీక్షతో వచ్చింది. శైలజ యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. పీహెచ్‌డీలో ముందుకు పోవాలంటే ప్రీ పీహెచ్‌డీ పరీక్ష పాసవ్వాలి, రెండు పేపర్లు: ఒకటి చరిత్ర, రెండోది పరిశోధన ఎలా చేయాలో చెప్పే ఎండు పాఠం, రీసెర్చ్ మెథడాలజీ. పోయినసారి జ్వరమని అబద్ధం చెప్పి ఎగ్గొట్టింది. ఈసారి కూడా రాయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని డిపార్ట్‌మెంట్ వాళ్ళు తేల్చి చెప్పారు. రద్దయితే సామాన్లు సర్దుకొని జనగామ దగ్గర ఊరికి పోవడమే. వాళ్ళ నాయిన లక్ష్మీనర్సయ్య ఫోన్లో, వచ్చెయ్ బిడ్డా, తిండికి కొదవా మనకు, అంటాడు పాపం. ఆయన ప్రేమతోనే అంటాడు. ఆమెకు మాత్రం ఆ మాట వింటే గుంత తవ్వి పెట్టినం, వచ్చి పండుకో అన్నట్టే ఉండేది.

చూపులేనివాళ్ళకు పరీక్షలో రాసిపెట్టడానికి మనిషిని ఇస్తారు. స్క్రైబ్ అంటారు. వీళ్ళు చెప్తారు, ఆ మనిషి రాస్తుంది, అంతే. అదనంగా కొంత టైం కూడా ఇస్తారు. ఆ సంగతి శైలజకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఆమే దానియేలు అనే పుట్టుగుడ్డి విద్యార్థికి ఎమ్మే పరీక్షలన్నీ రాసిపెట్టింది. అప్పుడు అది పుణ్యంలాగా ఉండేది. ఇప్పుడు అదే కుర్చీకి ఇవతలి పక్కన కూర్చోవడం అంటే చచ్చినంత పనిగా ఉంది.

ప్రియాంక ఊరుకుంటుందా? ఆఫీసు నుంచి రాగానే కాగితాలు ముందేసుకొని, నేను రాస్తా నువ్వు చెప్పక్కా, ప్రాక్టీస్ చేద్దాం, అంది. శైలజ చెప్పడం మొదలుపెట్టింది. ఒక వాక్యం చెప్పి, చదువు ఏం రాసినవో, అంది. ప్రియాంక చదివింది. ఆ మాట తీసెయ్, దాని ముందు ఇంకోటి పెట్టు. మళ్ళీ చదువు. రెండో లైను పైకి తీసుకురా. కామా పెట్టు. కాదు, వద్దులే, కొట్టెయ్. మళ్ళీ మొదటినుంచి చదువు. అలా ఆ సాయంత్రమంతా తంటాలు పడితే అయింది ఒక్క పేరా. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చదువంతా బుర్రలో ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ ముందు రాసింది కంటికి కనిపిస్తే తప్ప తర్వాతి మాట ఆమెకు పుట్టడం లేదు. చిన్నప్పటి నుంచి చేత్తో ఆలోచించిన మనిషి మరి.

చివరికి ఒకరోజు ప్రియాంక, అక్కా, దీన్నే వేరేగా చూడు, నీకు దేవుడు కొత్త దారి చూపిస్తాండాడేమో, అనేసింది. అంతే. శైలజకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"చూడు చూడు అంటవ్, దేంతోని చూడాలె? నీ కండ్లు రెండు రోజులు అప్పియ్యి, చూస్త," అంది.

ప్రియాంక కాగితాలు తీసి లోపల పెట్టేసింది. కాసేపటికి వంటగదిలోంచి ముక్కు చీదుతున్న చప్పుడు వినిపించింది. శైలజకు సిగ్గేసింది, కానీ లేచి వెళ్ళలేదు. లేచి వెళ్ళడానికి కూడా మనిషికి లోపల ఏదో కొంచెం మిగిలి ఉండాలి.

పరీక్ష నాలుగు రోజుల్లోకి వచ్చింది. రాయనని చెప్పేద్దామని నిశ్చయించుకుంది. ఎందుకో ఆ చెప్పేదేదో ముందు దానియేలుకు చెప్పాలనిపించింది. ఆయన ఇప్పుడు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్. లాలాపేట్‌లో ఇల్లు. సాయంత్రాలు క్యాంపస్‌కు వచ్చి లైబ్రరీ ముందు చెట్ల కింద స్నేహితులతో కూర్చుంటాడు. శైలజ తార్నాక గేటు దాకా ఆటోలో వచ్చి, అక్కడినుంచి కాలిబాట అంచును చెప్పుతో తడుముకుంటూ నడిచింది. చుట్టూ కుర్రాళ్ళు పోటీపరీక్షల పుస్తకాలు ముందేసుకొని గొణుక్కుంటున్నారు. లోకంలో అందరికీ చదవడం ఎంత తేలికైపోయిందో అని ఆమెకు ఏడుపొచ్చింది.

గొంతు విని దానియేలు గుర్తుపట్టాడు. పక్కన కూర్చోబెట్టుకొని సంగతంతా విన్నాడు. ఓదారుస్తాడేమో, ఓదారిస్తే లేచిపోదామని ఆమె సిద్ధంగా ఉంది. ఆయన ఓదార్చలేదు.

"నాకు నీ బాధ తెల్వదు చెల్లె," అన్నాడు. "నాది పుట్టుకతోని లేదు, నీది ఉండి పోతున్నది. రెండూ ఒకటి గాదు. నీ ఏడ్పుకు నా తాన మందు లేదు. పరీక్షకైతే ఉన్నది."

ప్రియాంకతో ఎలా చెప్పి రాయిస్తోందో అడిగాడు. ఆమె చెప్పింది. ప్రతి లైనూ చదివించుకుంటున్నానంది. దానియేలు నవ్వాడు. వెటకారం నవ్వు కాదు గానీ ఆమెకు అలాగే తగిలింది.

"నువ్వు ఇంక కాయితం దిక్కే చూస్తున్నవ్. లేని కాయితాన్ని ఎంతసేపని చూస్తవ్? నువ్వు నాకు రాసినప్పుడు, నువ్వు రాస్తున్నవని నేను ఎన్నడు అనుకోలె. నీకు పాఠం చెప్తున్న అనుకున్న. నువ్వు డిగ్రీ పిల్లవు, నా సబ్జెక్టు నీకు తెల్వదు. నీకు సమజైతే పెన్ను ఉరుకుతుండె. కాకుంటే ఆగుతుండె. ఆగిందంటే ఇంకింత అల్కగ, చిన్న చిన్న మాటలల్ల చెప్తుంటి. గంతే. పరీక్ష రాయకు, పాఠం చెప్పు."

శైలజ నమ్మలేదు. తన పెన్ను చప్పుడు ఒక మనిషి అంత శ్రద్ధగా విన్నాడన్న సంగతికి ఆశ్చర్యపోయింది, అంతే. పాఠమట పాఠం. పాఠం చెప్పే ఉద్యోగం కోసమే కదా ఈ చదువంతా, అదే పోతోందని కదా ఏడుపంతా. ఇది కూడా ప్రియాంక ఫ్రిజ్ కాగితం లాంటిదేనని విసుక్కుంటూ గదికి వచ్చింది. కానీ రాయనని చెప్పాలని వెళ్ళిన మనిషి ఆ మాట చెప్పకుండానే వచ్చేసింది. ఆ సంగతి దారిలో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళే ఓపిక లేకపోయింది.

పరీక్ష రోజు ప్రియాంక ఆఫీసుకు సెలవు పెట్టి హాలు దాకా తెచ్చి దిగబెట్టింది. ఇద్దరి మధ్యా కళ్ళు అప్పియ్యమన్న ఆ మాట తర్వాత పెద్దగా మాటల్లేవు. స్క్రైబుగా ఎవరో కాలేజీ పిల్ల వస్తుందనుకుంటే నడివయసు ఆడమనిషి గొంతు వినిపించింది. పేరు బాలలక్ష్మి, గోల్నాకలో ఉంటుంది, ఇంటర్ దాకా చదివి పెళ్ళయి మానేసింది. దస్తూరి బాగుంటదని వాళ్ళ బస్తీలో ఎవరో చెబితే ఇట్లా చూపులేని పిల్లలకు రాసిపెడుతూ ఉంటుందట. ఆమె దగ్గర్నుంచి కొబ్బరినూనె, అగరొత్తుల వాసన. ఇన్విజిలేటర్ ఇద్దరినీ విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి, చెప్పింది రాయడమే, మధ్యలో మీరు ఏమీ మాట్లాడకూడదమ్మా అని ఆమెను హెచ్చరించాడు.

మొదటి ప్రశ్న పాత పద్ధతిలోనే తగలడింది. చదవండి, కొట్టెయ్యండి, మళ్ళీ చదవండి. టైం కరిగిపోతుంటే శైలజకు చెమటలు పట్టాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫ్యాను కూడా ఆగిపోయింది. అప్పుడు, ఫ్యాను చప్పుడు పోయాక, పెన్ను చప్పుడు వినిపించింది. కాగితం మీద గరగరా పోతోంది. ఆగింది. శైలజ చెప్పబోయిన పెద్ద వాక్యాన్ని మింగేసి, అదే సంగతి రెండు చిన్న ముక్కలుగా చెప్పింది. పెన్ను కదిలింది. ఇంకో ముక్క చెప్పింది. పరుగెత్తింది. ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా చదవమని అడగలేదు. నిజాం కాలం భూముల పద్ధతులు, జాగీర్లు, ఒకదాని తర్వాత ఒకటి ఎదురుగా కూర్చున్న ఆ గోల్నాక ఆవిడకు అర్థమయ్యేలా చెప్పుకుంటూ పోయింది. సంతోషం అనలేం గానీ, కొంతసేపు కళ్ళ సంగతి మర్చిపోయింది.

చివరి ప్రశ్న, అన్నిటికంటే ఎక్కువ మార్కులది, మూసీ వరద గురించి. పంతొమ్మిది వందల ఎనిమిదిలో వచ్చిన వరద, దాని తర్వాత నగరంలో చేపట్టిన పనులు. శైలజకు నాలుక చివర ఉన్న పాఠం. వాన ఎలా కురిసిందో, చెరువులు ఎలా తెగాయో, నది ఒక్క పూటలో బస్తీలకు బస్తీలను ఎలా ఊడ్చుకుపోయిందో చెబుతోంది. ఆస్పత్రి తోటలో చింతచెట్టు ఎక్కి కొందరు బతికారు, చెట్టు అందనివాళ్ళు పోయారు అని చెప్పింది.

పెన్ను ఆగింది.

తేలికగా మళ్ళీ చెప్పింది. కదల్లేదు. ఇంకా తేలికగా చెప్పింది. కదల్లేదు. ఏమైందండీ అంటే జవాబు లేదు, మాట్లాడకూడదు కదా. ముక్కు పీల్చిన చప్పుడు మాత్రం వచ్చింది. శైలజ బతిమాలింది, రాయండమ్మా, దండం పెడ్త, టైం లేదు, అంది. ఎప్పటికో పెన్ను కదిలింది, కానీ ముసలి ఎద్దులా నడిచింది. వరద పూర్తయ్యి, తర్వాతి పనులు అని మొదలుపెట్టేలోపు గంట కొట్టారు. అదనపు టైం కూడా అందులోనే అయిపోయిందట. ఇన్విజిలేటర్ వచ్చి కాగితాలు తీసుకుపోయాడు. ప్రశ్నలో సగం, అసలు మార్కులుండే సగం, అలాగే మిగిలిపోయింది.

బయట మెట్ల మీద శైలజ కూలబడింది. ఇంక రెండో పేపరు రాసి ఏం లాభం? ప్రియాంక టిఫిన్ తేవడానికి పోయినట్టుంది, చుట్టుపక్కల అలికిడి లేదు. బాలలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది. శైలజకు ఆమెను కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు గానీ అడిగేసింది.

"ఎందుకు ఆపిన్రు? నా చదువంతా దాని మీదనే ఉండె."

"తప్పయింది మేడం," అంది బాలలక్ష్మి. "కొన్నేండ్ల కింద వానలకు మూసీ మా ఇంట్లకొచ్చింది. మా అత్తను మంచం మీదికెల్లి లేపలేకపోయినం. మీరు చెట్టు అందనోళ్ళు అంటుంటే ఆమెనే యాదికొచ్చింది. రాయరాలె."

శైలజ కోపం ఎటో పోయింది. పోయినచోట మామూలుగా ఉండే దిగులే మళ్ళీ వచ్చి కూర్చుంది.

తర్వాత బాలలక్ష్మి మెల్లగా అడిగింది. "గంట గొట్టిన్రు గదా. మిగిలింది చెప్పలేదు మీరు. మునిగినంక ఏం జేసిన్రు మేడం వాళ్ళు?"

మార్కులు లేవు, కాగితం లేదు, రాసేవాళ్ళు లేరు. శైలజ అయినా చెప్పింది. చాలా ఏళ్ళు ఏడ్చారనీ, ఆ తర్వాత మళ్ళీ అంత నీళ్ళు ఒక్కసారిగా ఊరి మీద పడకుండా పైన నదికీ, దాని ఉపనదికీ అడ్డంగా కట్టలు కట్టారనీ, అవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనీ, నగరం తరాల తరబడి తాగింది ఆ చెరువుల నీళ్ళేననీ చెప్పింది.

"ముంచిన నీళ్ళనే పట్టి తాగిచ్చిన్రా?" అంది బాలలక్ష్మి.

"ఔ. పోయినోళ్ళు మాత్రం రాలె," అంది శైలజ.

"రారు మేడం. మా అత్త గూడ రాలె." కొంగుతో మొహం తుడుచుకున్న చప్పుడు. "ఇన్నేండ్లసంది ఆ నదిని తిట్టుకుంటనే ఉన్న. గిది మాత్రం నాకు ఎవ్వరు చెప్పలే."

ఎవ్వరు చెప్పలే. ఆ మాట శైలజ లోపల ఎక్కడో తగిలింది. చెప్పింది తనే. పుస్తకం చూడకుండా, నోట్సు చూడకుండా, ఎదుటి మొహం కూడా చూడకుండా. పాసవుతానన్న ఆశ ఆమెకు లేదు, చూపు రేపటికి ఇంకాస్త తగ్గుతుందన్న సంగతీ మారలేదు. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎల్లుండి రెండో పేపరున్నది. మీరే రావాలె," అంది.

బాలలక్ష్మి లేవబోతూ అడిగింది. "వస్త గని, దాంట్ల గూడ మనుషులు సచ్చిపోతరా మేడం?"

"లేదు. అది రీసెర్చ్ మెథడాలజీ," అంది శైలజ. "దాంట్ల మనమే సస్తం."