పాడే గొంతుకు పథ్యం

"నీళ్ళు వేడెక్కువయ్యాయి లలితా," అన్నాడు పార్థసారథి, కప్పు పెదవికి తగిలీ తగలకముందే.

లలితకుమారి రెండు చెంచాల చన్నీళ్ళు కలిపి ఇచ్చింది. అతను ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఆఁ" అని గొంతు పరీక్షించుకున్నాడు. ఆ "ఆఁ" విన్నప్పుడల్లా ఆమెకు సైకిలు టైరుకు గాలి కొట్టించి బొటనవేలితో నొక్కి చూసుకునే మనిషి గుర్తొస్తాడు.

సింగపూర్‌లో, యీషున్‌లోని ఆ ఫ్లాటు నాలుగేళ్ళుగా ఆ గొంతు చుట్టూ తిరుగుతోంది. బ్యాంకులో పనిచేసే పార్థసారథి నలభై దాటాక తనలో గాయకుడున్నాడని కనిపెట్టాడు. తెలుగు సంఘం వేడుకల్లో ఏడాదికి మూడు పాటలు పాడతాడు. ఆ మూడు పాటల కోసం ఏడాది పొడుగునా ఇంట్లో పెరుగు లేదు, ఆవకాయ లేదు, వేపుడు లేదు. పోపు ఘాటు అతనికి తగలకూడదని ఆమె వంటింటి తలుపు మూసుకుని తనొక్కతే దగ్గుతుంది. ఆలస్యంగా తింటే పుల్లత్రేన్పులు వచ్చి గొంతు మండుతుందట, అందుకని ఏడింటికల్లా భోజనం. అంటే ఆరున్నరకు ఉద్యోగం నుంచి ఇల్లు చేరిన ఆమె చెప్పులు విడుస్తూనే పొయ్యి వెలిగించాలి. తెల్లవారుజామున ఐదింటికి లేచి మిరియాలు, శొంఠి, అతిమధురం కాచి ఫ్లాస్కులో పోయాలి. "వాడి గొంతు బంగారమమ్మా, కనిపెట్టుకుని ఉండు," అంటుంది అత్తగారు ప్రభావతి కాకినాడ నుంచి వీడియో కాల్లో. బంగారానికి కాపలా ఉన్నవాడికి జీతమైనా ఉంటుంది, అనుకుంటుంది లలితకుమారి.

ఆమె చైల్డ్‌కేర్‌లో టీచరు. నాలుగేళ్ళ పిల్లలు ఇరవై మంది. పొద్దుణ్ణించీ కథలు, పాటలు, దిగమనడం, తోసుకోవద్దనడం. నీళ్ళు తాగితే టాయిలెట్‌కి వెళ్ళాలి, వెళ్తే పిల్లల్ని చూసే దిక్కుండదు. అందుకని తాగదు. మొన్న జూన్‌లో గొంతు బొంగురుపోయింది. ఆ సాయంత్రం ఫ్లాస్కులో మిగిలిన కషాయం గ్లాసులోకి వంపుకుంటుంటే పార్థసారథి చూశాడు.

"అది రిహార్సల్‌కి ఉంచా లలితా. పాడే గొంతు వేరు, మాట్లాడే గొంతు వేరు. నీది ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే సర్దుకుంటుంది."

ఆమెకు కోపం రాలేదు. కోపం రావాలన్నా అవతలి మనిషి మీద కాస్త గౌరవం మిగిలుండాలి. గ్లాసెడు కషాయాన్ని పెళ్ళాం నుంచి కాపాడుకుంటున్న ఆ మనిషిని, వీధిలో ఎవరినో చూసినట్టు చూసింది.

తర్వాత ఓ ఆదివారం, లిటిల్ ఇండియా దగ్గరి హాల్లో, సంఘం కార్యదర్శి కేశవరావుగారు గాయకుల ఆహారపుటలవాట్ల మీద ప్రసంగం పెట్టించారు. మాట్లాడేది పార్థసారథి. రాసిపెట్టింది లలితకుమారి. నలభై మంది వచ్చారు. ఆమె మూడో వరసలో కూర్చుంది.

"అంతా డిసిప్లిన్ అండీ," అన్నాడతను మైకులో, ఆమె రాయని మాటలు మొదలుపెడుతూ. "రోజూ ఐదింటికి లేస్తాను. నా కషాయం నేనే కాచుకుంటాను. నాతో పాటు ఇంట్లోవాళ్ళూ కాస్త సర్దుకోవాలి. మా ఆవిడ ఆవకాయ లేకుండా ఉండలేదు పాపం."

జనం నవ్వారు. కొందరు ఆమె వైపు తిరిగి మరీ నవ్వారు. అలవాటు కొద్దీ ఆమె కూడా నవ్వబోయింది. పెదవులు కదల్లేదు.

పాటల పోటీలకు సాధన చేస్తున్న పదహారేళ్ళ ప్రణవి నోటుబుక్కు పట్టుకుని లేచింది. "అంకుల్, ఆ కషాయానికి మిరియాలు ఎన్ని వెయ్యాలి? మా మమ్మీ చేసింది టూ స్పైసీ, తాగలేకపోయా."

"మిరియాలా? ఒక గుప్పెడు."

"గుప్పెడా?" అంది వెనక వరసలో ఒకావిడ.

"అంటే, రుచికి తగినన్ని."

"అతిమధురం ముందే వెయ్యాలా, మరిగాకా?"

అతని చూపు మూడో వరసకు వచ్చి ఆగింది. "లలితా, కాస్త చెప్పు," అన్నాడు, ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా.

ఆమె లేచి నిలబడింది. లెక్క అంతా నాలుక చివరే ఉంది: నాలుగు మిరియాలు, చిటికెడు శొంఠి, నీళ్ళు సగమయ్యాక అతిమధురం.

"కాచుకునేది మీరే అన్నారు కదండీ," అంది ఇంకా తగ్గని బొంగురు గొంతుతోనే. "మీరే చెప్పండి."

హాల్లో ఎవరూ నవ్వలేదు. కేశవరావుగారు గబగబా చప్పట్లు కొట్టి టీకి లేవమన్నారు. లలితకుమారి ప్రణవిని పక్కకు పిలిచి, ఆ అమ్మాయి నోటుబుక్కులో కొలతలన్నీ రాసిచ్చింది.

ఇంటికి వెళ్ళడానికి రైలెక్కారు. రెండు స్టేషన్లు దాటాక అతను అన్నాడు: "నలుగురిలో పరువు తీశావు. ఏమొచ్చింది నీకు?"

"ఏం రాలేదు," అంది లలితకుమారి. "రేపట్నించి ఐదింటికి మీరే లేవండి. అంతమంది ముందు చెప్పిన మాట అబద్ధం కాకూడదు కదా."