జోడు పోయిన అచ్చు

నేను ఒక ఉక్కు అచ్చును. నిజం చెప్పాలంటే, అచ్చులో సగాన్ని. కరిగిన ప్లాస్టిక్ వచ్చి నిండే పల్లం నా వైపు ఉంటుంది. ఆ పల్లంలోకి ఒదిగే మిట్ట నా జోడు వైపు ఉండేది. మేమిద్దరం మూసుకుంటే మా మధ్య ఒక వస్తువు పుట్టేది, తెరుచుకుంటే అది రాలి కింద పడేది. సగం అచ్చు దేనికీ పనికిరాదని మనుషులు అంటారు. వాళ్లన్నది నిజమే. అయినా నా కథ చెప్పుకోవాలని ఉంది. ఎందుకంటే అది నాకన్నా ఎక్కువగా సువర్చల కథ.

నేను పుట్టింది హైదరాబాదు బాలానగర్‌లో, గౌస్ అనే ఆయన షెడ్డులో. ఆ సందులో మమ్మల్ని అచ్చు అని ఎవరూ అనరు, డై అంటారు. సువర్చల భువనగిరి వైపు మనిషి. ఇంజనీరింగు చదివి, మంచి ఉద్యోగం చేస్తూ చేస్తూ మానేసి వచ్చింది. ఆమె చెల్లెలు హైమకు పుట్టినప్పటినుంచీ వినపడదు. హైమకు కూతురు పుట్టినప్పుడు, పిల్ల ఎప్పుడు ఏడుస్తుందో తెలియక, ఉయ్యాల మీద నుంచి కళ్లు తిప్పకుండా రోజంతా కూర్చునేదట. స్నానానికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు రావాలి. అది చూడలేక సువర్చల ఒక పరికరం తయారుచేసింది. ఉయ్యాలకు కట్టే చిన్న పెట్టె ఒకటి, తల్లి మెడలో వేసుకునే బిళ్ళ ఒకటి. బిడ్డ ఏడిస్తే పెట్టె పసిగడుతుంది, బిళ్ళ వణుకుతుంది, ఆ వణుకు తల్లి గుండెకు తగులుతుంది. దానికి ‘పిలుపు’ అని పేరు పెట్టుకుంది. ఆ బిళ్ళ తొడుగు మాలోంచి పుట్టేది.

గౌస్ మమ్మల్ని ఎంతో ఓపికగా చెక్కాడు. చివరికి నా పల్లాన్ని నూనెగుడ్డతో తుడిచి సువర్చలను పిలిచాడు.

“అమ్మా, జెర చెయ్యి పెట్టి చూడు. అంచు గిట్ల గుండ్రంగ ఉంటే పాలు తాగే పిల్లకు గుచ్చుకోదు.”

ఆమె చూపుడువేలితో నా అంచు చుట్టూ మెల్లగా రాసింది. మనిషి చేయి అంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే. తర్వాత ఎన్నో చేతులు పడ్డాయి నా మీద. కానీ అంత భయంగా, అంత ఆశగా తాకిన చేయి మళ్లీ తగలలేదు.

గౌస్ షెడ్డుకు ఆనుకుని ఉన్న గదిలో సువర్చల ఒక చిన్న మిషను పెట్టింది. మమ్మల్ని అందులో బిగించారు. మేము తొడుగులు దించుతుంటే, పక్కన బల్ల దగ్గర ఆడవాళ్లు కూర్చుని లోపల వణుకు పుట్టించే చిన్న మోటారు పెట్టి, తీగలు అతికి, మూత బిగించేవాళ్లు. ప్రతి బిళ్ళనూ హైమ తన గుండెకు ఆనించుకుని చూసేది. వణుకు బాగుంటే తల ఊపేది. లేకపోతే ముఖం ముడుచుకుని పక్కన పెట్టేసేది. ఆమెను దాటుకుని ఒక్క బిళ్ళ కూడా బయటికి పోలేదు. నా జీవితంలో నేను గర్వపడిన రోజులవి.

ఆ రోజులు అలాగే ఉండిపోతే ఇది చెప్పవలసినంత కథ కాకపోయేది. ‘పిలుపు’ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. వినపడని తల్లుల సంఘాలు అడిగాయి, ఆసుపత్రులు అడిగాయి. మా చిన్న మిషను ఎంత ఉరికినా అందుకోలేకపోయింది. అప్పుడు వచ్చాడు చెంగల్రాయులు. సూళ్లూరుపేట దాటాక ఆయనకు పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. ఇతరుల వస్తువులు తయారుచేసి ఇవ్వడమే ఆయన వ్యాపారం. నవ్వు ముఖం, మెత్తని మాట.

“అమ్మయ్యా, నువ్వు బుర్ర పెట్టు చాలు. కష్టం మాకొదిలెయ్. తొడుగూ మోటారూ బిగింపూ అంతా మాకాడే అయిపోతాది. తయారైన సరుకు పెట్టెల్లో నీ వాకిట్లోకి వొచ్చి చేరతాది. మోల్డు మట్టుకు పంపించు.”

గౌస్‌కు ఆ మాట నచ్చలేదు. “డై ఎందుకు పంపుతవమ్మా? దీనసొంటిదే ఇంకోటి చేసిస్త. ఒకటి మన దగ్గర ఉండనియ్యి.”

“తొందరగ కావాలంటున్నరు గౌస్‌భాయ్. ఇంకోటి చేసేదాంక ఆగుతరా? అయినా మనిషిని నమ్మకుంటే పనెట్ల నడుస్తది?”

ఆమె అన్నదాంట్లోనూ తప్పు లేదు. చెంగల్రాయులు మోసగాడు కాదు, నేను ఆయన దగ్గర ఉండి చూశాను కదా. కానీ సువర్చల మమ్మల్ని పంపడంతో ఆగలేదు. అక్కడ అంతా అయిపోతున్నప్పుడు ఇక్కడ ఈ గది ఎందుకనుకుంది. చిన్న మిషను అమ్మేసింది. బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లు వేరే పనులు వెతుక్కున్నారు. హైమ ఇంటికి వెళ్లిపోయింది. మమ్మల్ని గోనెపట్టాలో చుట్టి వ్యాను ఎక్కిస్తుంటే సువర్చల ఫోనులో ఎవరితోనో సంతోషంగా మాట్లాడుతూ ఉంది. పోయేవాటి వైపు చూడటం మనుషులకు అప్పుడప్పుడు గుర్తుండదు.

మొదట్లో అక్కడ బాగానే జరిగింది. పెద్ద మిషను, చల్లని గాలి, శుభ్రమైన నేల. చెంగల్రాయులు మనుషులు పని తెలిసినవాళ్లే. మోటారు కూర్చునే గూడు నా జోడు వైపు ఉండేది. దాన్ని వాళ్లు కాస్త అరగదీసి, కాస్త పూడ్చి, మళ్లీ అరగదీసి సరిచేశారు. దాంతో వణుకు ముందుకన్నా బాగా పట్టింది. సువర్చల ఒక బిళ్ళ తెప్పించుకుని చూసి పొంగిపోయింది. అదే బిళ్ళను హైమ మెడలో వేసింది. కానీ ఆ మార్పును కాగితం మీద గీసిన వాళ్లు లేరు, గీయమని అడిగిన వాళ్లు లేరు. అది నా జోడు ఒంటిమీద మాత్రమే ఉండిపోయింది.

ఆమె తరచూ వచ్చేది మొదట్లో. మిషను తలుపు తీయించి మా వైపు ఒక చూపు చూసి వెళ్లేది. తర్వాత తర్వాత ఆఫీసు గదిలోనే మాట్లాడి వెళ్లిపోయేది. ఆ తర్వాత ఫోనులో మాట్లాడితే సరిపోయేది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆ చేయి వస్తుందేమోనని చూసేవాణ్ణి. చేతితొడుగులు వేసుకున్న ఎవరో ఒకరు తుడిచి మూసేసేవారు.

ఒకనాడు ఫ్యాక్టరీకి ఒక బొమ్మల కంపెనీ వచ్చింది. వాళ్ల ఆర్డరు ముందు సువర్చలది ఏ మూలకూ రాదు. మిషన్లన్నీ బొమ్మ కార్లకు కేటాయించారు. మాకు నూనె పూసి ఇనుప అర మీద పెట్టారు. బొమ్మ కార్ల పని సందిచ్చినప్పుడు మమ్మల్ని దించి హడావుడిగా కాసిని తొడుగులు తీసి మళ్లీ పైకెక్కించేవాళ్లు. సువర్చల ఫోను చేస్తే చెంగల్రాయులు “అయిపోతాదమ్మా, అయిపోతాది” అనేవాడు. ఎవరికీ కాదని చెప్పలేకపోవడం ఆయన జబ్బు.

ఆ హడావుడిలోనే, పాత మోటారు రావడం ఆలస్యమైందని, చూడ్డానికి అలాగే ఉండే ఇంకో మోటారు పెట్టించాడు. సువర్చలకు చెప్పలేదు. హైమ లాగా గుండెకు ఆనించుకుని చూసే మనిషి అక్కడ లేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం సువర్చల వచ్చింది. ఆఫీసులోకి వెళ్లకుండా నేరుగా మా అర దగ్గరికే వచ్చింది. వెనకే హైమ, ఆమె భుజాన రెండో కాన్పులో పుట్టిన నెలల పిల్లవాడు. చెంగల్రాయులు కుర్చీలు తెమ్మని కేక వేస్తూ వెంట వచ్చాడు.

సువర్చల కొత్త బిళ్ళను ఆయన చేతిలో పెట్టింది. “అన్నా, ఇది మీరు పంపిందే. మా చెల్లె పాతది తీసి దీన్నే మెడలేసుకుని పెరట్ల బట్టలు ఉతుకుతుంది. లోపల పిలగాని మెడకు ఉయ్యాల గుడ్డ చుట్టుకుంది. వాడు ఏడుస్తనే ఉన్నడు. బిళ్ళ వణికిందో లేదో దీనికి తెలుస్తనే లేదు. పక్కింటామె ఉరికొచ్చి గుడ్డ తీసింది. అప్పటికే పిలగాడు నీలం రంగుకు తిరిగిండు.”

చెంగల్రాయులు ముఖం పాలిపోయింది. బిళ్ళను తన ఛాతీకి ఆనించుకుని నొక్కి చూసుకున్నాడు. “దేవుడా,” అన్నాడు. “పాత మోటారు దొరకలేదమ్మా. ఇదీ అట్టాంటిదే కదా అని పెట్టించినాను. నీ సరుకు ఆలస్యం కాకూడదనే.”

“ఒక్క మాట చెప్పొద్దా?”

“చెప్పుంటే నువ్వు వొద్దంటావని…”

హైమ ఆయన పెదవులనే చూస్తూ ఉంది. పిల్లవాణ్ణి అక్క చేతికిచ్చి, రెండు చేతులతో ఏదో చెప్పింది. కోపంగా కాదు, నెమ్మదిగా. చెంగల్రాయులుకు అర్థం కాక సువర్చల వైపు చూశాడు.

“నేను దాన్ని నమ్మి లోపలికి చూసుడు మానేసిన అంటుంది,” అంది సువర్చల.

మా వైపు చేయి చూపి, “నా డై నాకియ్యండన్నా. తీసుకపోత,” అంది.

“ఎత్తుకోనిపోమ్మా, నీదే కదా. కానీ ఎత్తుకోనిపోయి యాడ పెడతావు? నీకాడ మిషనూ లేదు, మనుషులూ లేరు. సరుకు కోసం కనిపెట్టుకోని ఉండే తల్లులకు ఏం చెప్తావు? పాత మోటారు తెప్పించి నేనే సరిగ్గా చేసిస్తా, నన్ను నమ్ము.”

ఆయన ఎగతాళికి అనలేదు, ఉన్నదే అన్నాడు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది. ఆ మోటారుతో పంపిన బిళ్ళలన్నీ వెనక్కి పిలిపిస్తానంది. మిషను చూసుకుని మళ్లీ వస్తానంది. వెళ్తూ వెళ్తూ నా మీద చేయి వేసింది.

ఆమె మళ్లీ వచ్చేలోగా ఆ ఫ్యాక్టరీయే లేకుండా పోయింది. బొమ్మల కంపెనీ ఒక్క మాటతో పనిని ఇంకెక్కడికో మార్చుకుంది. దాన్ని నమ్ముకుని మిగతా వాళ్లందరినీ పక్కన పెట్టిన చెంగల్రాయులుకు నిలబడటానికి ఏమీ మిగల్లేదు. బ్యాంకువాళ్లు వచ్చి తాళం వేసి సీలు కొట్టారు. లోపల దీపాలు ఆరిపోయాయి. నేనూ నా జోడూ నూనె ఆరిపోతుంటే, ఒకరినొకరు ఆనుకుని మూసుకుని ఉండిపోయాం.

రేకు గోడకు అవతల ఒకసారి ఆమె గొంతు వినిపించింది. “లోపల ఉన్నది నా సామానన్నా. చూపిస్త, తలుపు తియ్యి.”

“తీసేదానికి లేదు మేడమ్,” అన్నాడు కాపలావాడు. “లోపలుండేదంతా బ్యాంకుదే అని రాసుకున్నారు. మీదని కోర్టులో చెప్పుకోండి.”

ఆమె చాలాసేపు అక్కడే ఉన్నట్టుంది. నాకు గొంతు ఉంటే పిలిచేవాణ్ణి. వాన మొదలైంది. ఆ చప్పుడులో ఆమె ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియలేదు.

కోర్టు పని తెమిలేలోగా వేలం జరిగింది. కొన్నవాడికి మేము ఇనుము మాత్రమే. ఎత్తడానికి బరువైందని క్రేను దగ్గర మమ్మల్ని విడదీశారు. నా జోడును ఒక లారీలో వేశారు, నన్ను ఇంకో లారీలో. మేము తెరుచుకున్నప్పుడల్లా మళ్లీ మూసుకోవడం అలవాటు కదా, అందుకే అప్పుడు కూడా నేను ఎదురుచూశాను.

పాత ఇనుము కొట్టులో మోటారు బాడీల మధ్య, తలకిందులుగా ఎన్నాళ్లున్నానో. నా పల్లం నిండా తుప్పు. ఒకరోజు కొట్టు యజమాని ఎవరినో వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు గౌస్ కనిపించాడు, గడ్డం ఇంకాస్త తెల్లబడింది. వెనక సువర్చల.

గౌస్ నన్ను వెల్లకిలా తిప్పి, గుడ్డతో తుడిచి, “ఇదే అమ్మా,” అన్నాడు. ఆమె ఒక్క అంగలో నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అదే వేలు, అదే అంచు. అన్నాళ్ల ఎదురుచూపూ ఆ ఒక్క క్షణంలో తీరిపోయిందనుకున్నాను.

“దీని జోడేది?” అని అడిగిందామె.

“ఇట్టాంటివి రెండు దిమ్మలు కొన్నారమ్మా,” అన్నాడు యజమాని. “రెండోది కరిగించేదానికి వేరే ఊరు పోయింది. అది ఈపాటికి నీళ్లయిపోయుంటాది.”

ఆమె వేలు నా అంచు మీదే ఆగిపోయింది. అప్పుడు ఆమె మాటల్లో నాకు అసలు సంగతి తెలిసింది. పాత గీతల ప్రకారం గౌస్ ఇంకో డై చేశాడట. కానీ ఫ్యాక్టరీలో మెరుగైన ఆ వణుకు దాని బిళ్ళలో పట్టడం లేదట, హైమ ఒప్పుకోవడం లేదట. చెంగల్రాయులు ఫ్యాక్టరీలో సరిచేసిన ఆ గూడు కొలత ఎవరి దగ్గరా లేదు. ఆమె ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చింది నా కోసం కాదు, నా జోడు కోసం.

అయినా నన్ను వదిలిపెట్టలేదు. బాలానగర్ తీసుకొచ్చింది. ఆ పాత గదిలోనే మళ్లీ ఒక చిన్న మిషను పెట్టింది. గూడు కొలత తెలియాలంటే ఒకటే దారి. చెంగల్రాయులు మంచి రోజుల్లో తయారైన బిళ్ళను కోసి చూడాలి. అలాంటివి మిగతా తల్లుల మెడల్లో ఉన్నాయి, వాళ్లను అడగడానికి లేదు; చేతికందే చోట ఉన్నది హైమ మెడలోదే. ఆ ప్రమాదం తర్వాత ఆమె దాన్నే మళ్లీ వేసుకుంది.

అక్క అడగలేకపోయింది. హైమే తీసి బల్ల మీద పెట్టింది. గౌస్ దాన్ని నిలువునా కోసి, లోపలి గూడును భూతద్దం కింద పెట్టి కొలిచాడు. కొత్త జంట తయారయ్యేదాకా సువర్చల చెల్లెలి ఇంట్లోనే ఉంది. పిల్లవాడు ఏడిస్తే పరుగెత్తుకుంటూ వెళ్లి హైమ భుజం తట్టేదట.

కొత్త అచ్చులోంచి రాలిన మొదటి బిళ్ళను హైమ గుండెకు ఆనించుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపటికి తల ఊపింది. బల్ల దగ్గర మళ్లీ చేరిన ఆడవాళ్లు చప్పట్లు కొట్టబోయి, ఆమెకు కనిపించేలా చేతులు పైకెత్తి ఊపారు.

మళ్లీ ఆర్డర్లు పెరుగుతున్నాయి. మొన్న ఎవరో వచ్చి, తమ ఫ్యాక్టరీలో చేసిస్తామని సువర్చలను అడిగారు. ఆమె కాదనలేదు. “చెయ్యండి. కానీ డై రెండోది పంపుత, మొదటిది ఇక్కడనే ఉంటది. ఏం మార్చినా ముందు నాకు చెప్పాలె. ప్రతి బిళ్ళ మా చెల్లె చూసినంకనే పోతది,” అంది. వచ్చినవాళ్లు ఆలోచించుకుని చెబుతామన్నారు.

నన్ను తలుపు దగ్గర పెట్టారు, గాలికి రెక్క కొట్టుకోకుండా. మంచి చోటే. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కనిపిస్తారు. సువర్చల కూడా రోజూ నా పక్కనుంచే నడుస్తుంది. కానీ లోపల ఆ కొత్త జంట మూసుకుని, మళ్లీ తెరుచుకునే చప్పుడు వినిపించినప్పుడల్లా అటు తిరిగి చూడాలనిపిస్తుంది. నా పల్లం మాత్రం వీధి వైపు ఉంది.