తూనీగ రంగు

నలభై ఏళ్ల కిందట ఆగిపోయిన ఓ బొమ్మల కథల పత్రికలో గగనసింహం అనే వీరుడుండేవాడు. టీవీవాళ్లు అతని సాహసాలను సీరియల్‌గా తీస్తూ, జనం మరిచిపోయిన అతని తోడుగాళ్లిద్దరినీ ఒక భాగంలో మళ్లీ బతికించాలనుకున్నారు. ఒకరు గోడలెక్కే పిల్ల తూనీగ. ఇంకొకరు గొడుగు పట్టుకుని ఎగిరే గొడుగన్న.

సీరియల్‌కు దుస్తులు కుట్టే దర్జీకి చిక్కొచ్చిపడింది. దొరికిన నాలుగు సంచికల్లోనూ లోపలి పేజీలన్నీ నలుపు తెలుపే. అట్ట మీద ఎప్పుడూ వీరుడొక్కడే. తూనీగ చొక్కా ఏ రంగో తెలిసే దారి లేదు.

“నీలం వేసెయ్. ఎవరికి గుర్తుంటుంది?” అన్నాడు దర్శకుడు.

షూటింగ్‌కి ఇంకా రెండు రోజులే ఉంది. దర్జీ నీలం గుడ్డ కత్తిరించింది గానీ మనసొప్పలేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, భోజనం దగ్గర ఆ మాటే పెద్దమ్మతో అంది.

పెద్దమ్మ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది.

“ఎవరికి గుర్తుంటుందా? ఆ రంగు కలిపిందే నేను!”

దర్జీ నోరు వెళ్లబెట్టింది. పెద్దమ్మ ప్రెస్సులో పనిచేసిందని తెలుసు గానీ, అక్కడ ఏం అచ్చేసేవారో ఏనాడూ అడగలేదు.

“చివరి సంచిక వెనకట్ట మీద ఇద్దర్నీ రంగుల్లో వేశాం. కొత్త సిరా కొననన్నాడు ఓనరు. డబ్బా అడుగున మిగిలిన పసుపులో నీలం ఒక్క చుక్క వేసి, అద్దం పలక మీద నూరాను. లేత చిలకాకుపచ్చ! వీరుడిది నీలమాయె. పక్కన నిలబడే పిల్లకీ నీలమే వేస్తే అతని నీడలా ఉండదుటే?”

“మరి గొడుగో?”

“నల్లదనుకున్నావా? ఎరుపు! భగ్గుమనేది!”

“చెప్పులేసుకో పెద్దమ్మా, పోదాం పద!”

కుట్టుగదిలో తెల్లగుడ్డ ముక్కలు వేడి రంగునీళ్లలో మునిగి తేలాయి. మొదటిది పాకుడులా వచ్చింది. రెండోది తీయగానే దర్జీ, “ఇదే కదూ?” అని గెంతింది.

“తడిగుడ్డ మాట నమ్మకు. ఆరనీ.”

ఇస్త్రీ పెట్టె కింద అది పాలిపోయింది. మూడు, నాలుగు, అయిదు. ఆరో ముక్క ఆరగానే పెద్దమ్మ కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. అవునన్నట్టు తల గబగబా ఊపింది.

షూటింగ్ రోజున ఆకుపచ్చ చొక్కా చూసి దర్శకుడు మొహం చిట్లించాడు. “నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?”

“అప్పట్లో ఈ రంగు కలిపినావిడే చెప్పింది సార్. ఒక్కసారి దీపాల కింద చూడండి. బాగోకపోతే నీలం చొక్కా కూడా కుట్టే ఉంచాను.”

తూనీగ వేషం వేసిన పిల్ల బూడిదరంగు గోడ మీద నుంచి దూకింది. ఆ వెనకే ఎర్రగొడుగు విచ్చుకుంది. కెమెరా మనిషి ఈల వేశాడు. దర్శకుడు కుర్చీలోంచి లేచి, “ఎవరమ్మా ఈ రంగు చెప్పింది? ఆవిణ్ణి ముందు ఇక్కడికి పిలవండి!” అని కేకేశాడు.

ఆ భాగం ప్రసారమైన సాయంత్రం చుట్టుపక్కల వాళ్లంతా పెద్దమ్మ ఇంటి ముందుగదిలోనే ఉన్నారు. గగనసింహం తాళ్ల కట్లతో నేల మీద పడి ఉన్నాడు. పైకప్పు పగిలింది. ఆకుపచ్చగా ఒక మెరుపు, దాని వెంట ఎర్రగొడుగు! గది గదంతా హోరెత్తిపోయింది. పెద్దమ్మ టీవీకి అడ్డంగా నిలబడి చప్పట్లు కొడుతోంది.

“కూర్చో పెద్దమ్మా, వెనకవాళ్లకి కనబడటం లేదు!”

“వాళ్లని కూడా లేచి నిలబడమను!”