రాహేలమ్మ పెట్టె మోసినవాళ్లు

సమాధుల తోటలో గుంట తవ్వించాలి. పెట్టె తేవాలి. చర్చి గంట కొట్టించాలి. రాజంపేట నుంచి చెల్లెలు జెస్సీ వచ్చేదాకా అమ్మ మొహం మీద ఈగ వాలకుండా చూసుకోవాలి. ఎండ ముదరకముందే పెట్టె లేవాలి.

ఇవన్నీ పెద్దకొడుకు పనులు. ఏసురాజు మాత్రం కల్లూరులోని ఒంటిగది ఇంటి ముందు, కుడికాలికి మోకాటిదాకా ప్లాస్టిక్ బూటుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పనులన్నీ భార్య ప్రేమజ్యోతి చేస్తోంది.

అతను మార్కెట్ యార్డులో హమాలీ. జనవరి ఆఖరులో బస్తా వీపున వేసుకుని లారీ ఎక్కుతుంటే మడమ వెనక నరం పుటుక్కున తెగింది. ఎవరో రాయితో కొట్టారనుకుని వెనక్కి తిరిగి తిట్టాడు కూడా. పెద్దాసుపత్రిలో కుట్లు వేశారు. ఆ తర్వాత ఫిజియోథెరపీ యామిని మేడమ్ కసరత్తు నేర్పింది. కుర్చీలో కూర్చుని, మోకాలి మీద బరువు పెట్టుకుని, మడమ మెల్లగా ఎత్తి మెల్లగా దించాలి. కసరత్తుకు తప్ప బూటు విప్పకూడదు. ఏ బరువూ మోయకూడదు. మళ్లీ తెగితే హమాలీ పని మరిచిపోవాల్సిందేనని గట్టిగా చెప్పింది.

ఇంట్లో ఆ బరువు రాహేలమ్మే. నేల మీద కూర్చుని రెండు చేతులూ కొడుకు మోకాలి మీద ఆనించి నొక్కేది.

"ఎత్తు నాయనా. ఇంత బక్కదాన్ని, నా బరువు గూడ ఎత్తలేవా?"

"నువ్వు నొక్కుతాండావో నిమురుతాండావో తెలీకుండా ఉండాది మా."

"నిమిరితే నువ్వు యాడ లేస్తావు? పండుకుంటావు."

కొడుకు కూలి ఆగిపోయిందని, అరవై దాటిన ఆమె మళ్లీ ఉల్లి కోతకు దిగింది. నిన్న మిట్టమధ్యాహ్నం చేనులోనే పడిపోయింది. ఆటోలో తెచ్చేసరికి ప్రాణం లేదు.

జెస్సీ వచ్చింది. పాస్టరయ్య ప్రార్థన ముగించాడు. వాళ్ల పాళెంలో పెద్దకొడుకే కుడివైపు ముందు భుజం పట్టాలి, అదీ వట్టికాళ్లతో. మేనమామ సుందరం ఎడమవైపు నిలబడి పిలిచాడు.

"ఏమప్పా, ఇంకా కూసున్నావు? బూటిప్పు, లెయ్."

"కాలు బాగలేదు మామా."

"అంతంత బస్తాలు మోసినోనివి, అమ్మ బరువైపోయిందా? కన్నతల్లికి భుజమియ్యలేదని పాళెమంతా అంటారు. రోంత దూరమేలే. దేవుడు సూసుకుంటాడు."

ఏసురాజు వంగి బూటు పట్టీలు లాగాడు. సన్నబడిపోయిన పిక్క బయటపడింది. ప్రేమజ్యోతి చేతిలో బిందె దించి గబగబా వచ్చింది.

"బూటు ఇప్పొద్దు. ఆయమ్మ ఎండన పడి సచ్చింది ఈ కాలు కోసమే. దీన్ని మళ్లా తెంపుకుంటావా?"

"నువ్వు ఊరుకో పాపా, మగోళ్ల మాటల్లో నీకేం పని?" అన్నాడు సుందరం.

ఏసురాజు అమ్మ మొహం వైపు చూశాడు. పట్టీలు మళ్లీ బిగించాడు.

"నేను మొయ్యను మామా."

 అది అందరికీ వినపడింది. ఎవరో నాలుక చప్పరించారు. కుడి మూల ఖాళీగా ఉంది. ప్రేమజ్యోతి కొంగు నడుముకు దోపుకుని సుందరం వైపు తిరిగింది.

"చిన్నాయనా, ఆ మూల నేను పట్టుకుంటా."

"ఆడదానివి. పైగా పొట్టిదానివి."

"పొట్టిదాన్నే. నువ్వు రోంత వంగు."

ఎండ ముదురుతోంది. ఇంకెవరూ ముందుకు రాలేదు. పెట్టె లేచింది, కుడివైపు వాలింది. దారంతా సుందరం గొణుగుతూనే మోకాళ్లు వంచి నడిచాడు.

ఏసురాజు బూటు ఈడ్చుకుంటూ వెనక నడిచాడు. నడిచేకొద్దీ దూరం పెరిగింది. అతను వచ్చేదాకా ఆగమని ప్రేమజ్యోతి బతిమాలినా ఎవరూ ఆగలేదు. అతను చేరేసరికి గుంట సగం పూడింది. మిగిలిన సగంలో తన పిడికెడు మట్టి వేశాడు.

పాళెంలో ఇప్పటికీ దాన్ని కొడుకు మొయ్యని పెట్టె అనే అంటారు. సమాధికి ఇంకా రాయి పెట్టలేదు. చదివినవాళ్లు మీరైనా ఆమెను పేరుతో గుర్తుపెట్టుకోండి. రాహేలమ్మ.