సుద్దపొడిలో నల్లగీత

అబిడ్స్ సందులో సదాశివది పాత కారు సామాన్ల దుకాణం. అక్కడి చెక్కబల్ల మీద పడి ఉన్న ఫ్లైవీల్ ముందు గట్టయ్య నిలబడ్డాడు. ఇంజను వెనక తిరిగే ఆ ఇనుప చక్రం వేడికి కాలికాలి, ముఖమంతా నీలి మచ్చలు తేలి ఉంది.

ఇలాంటి చక్రమే పగిలి, నాంపల్లిలో స్టేషను పక్క షెడ్డులో అతని కారు విప్పి ఉంది. మోడలు పాతది, కొత్త చక్రం రావాలంటే పది రోజులు. ఊళ్ళో ఉన్న అక్క సమ్మక్కను రేపు పొద్దున డయాలసిస్‌కు నగరానికి తీసుకురావాలి. కిందటి వారం బస్సులో సీటు దొరకక, నిలబడి వస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది.

"మచ్చలకు ఫికర్ చెయ్యకు, లేత్ మీద పైపొర తీస్తే పోతయ్. పగులు బోల్టు బెజ్జం దాంక పోతే మాత్రం ముట్టకు" అని మెకానిక్ జితేందర్ చెప్పి పంపాడు. అలాంటిది రోడ్డు మీద పగిలితే ముక్కలు అడుగురేకు చీల్చుకుని లోపలికొస్తాయట. ముందు సీట్లో అక్క వాచిన కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది.

గట్టయ్య గోరుతో గీకి చూశాడు. సన్న పగుళ్ళు తగిలీ తగలనట్టున్నాయి.

"ఏందన్నా, పెండ్లిచూపులకు వచ్చినట్టు గంటసేపు చూస్తున్నవ్?" అన్నాడు సదాశివ.

"జర కిరోసిన్ ఉందా సేట్?"

"తాగుతవా ఏంది?"

గట్టయ్య నవ్వలేదు. ఊళ్ళో ట్రాక్టరు ఇరుసులను చూసే పద్ధతే చేశాడు. కిరోసిన్ పూసి ఆగాడు. ఇంతలో ఫోను మోగింది.

"బండి అయ్యిందా తమ్మీ?" సమ్మక్క గొంతు. "బస్సంటే మాత్రం నేను రాను. ఇంట్లనే ఉంట, ఏమైతే అదైతది."

"చూస్తున్ననే" అని పెట్టేశాడు.

చక్రాన్ని పొడిగా తుడిచి సుద్దపొడి చల్లాడు. పగుళ్ళలో దిగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లపొడిలో సన్నని గీతలు లేచాయి. అన్నీ నడిమధ్యలోనే ఆగాయి. ఒక్కటి మాత్రం బోల్టు బెజ్జం వైపు సాగి, బియ్యపు గింజంత దూరంలో నిలిచింది.

"ఆగింది సూడు! ఇగ తీస్కపో" అంటూ సదాశివ గుడ్డ అందుకున్నాడు.

గట్టయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఉండనీ."

ఆగిందనే అనుకోవాలని ఉంది. అక్క గొంతు చెవిలోనే ఉంది. అయినా కన్ను తిప్పలేదు. పొడి మెల్లగా తడిసింది. గీత బెజ్జం అంచును తాకింది.

"సగానికిస్తపో."

"ఊకెనే ఇచ్చినా వద్దు సేట్."

రోడ్డు మీదికొచ్చి ఫోను చేశాడు. చెమట పట్టిన వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంది.

"అక్కా, బండి కాలే. నేను రాత్రికే వచ్చి, తెల్లారకముందే డిపోకు పోయి బస్సెక్కి తువ్వాల ఏస్త. మన ఊరు వచ్చేసరికి నీకు సీటుంటది."



"ముగ్గురు కూసునే సీటుకు ఏస్తవా? పండుకోవాలె నేను."

"ఏస్త. మూడు టికెట్లూ నేనే కొంట."

"పెద్ద తువ్వాల తీస్కపో మరి" అంది సమ్మక్క.