నాలుగో అంతస్తుకు చిన్నోడు

కారు అద్దం మీద సబ్బునురుగు ఇంకా జారుతూనే ఉంది. సెల్లారు మూలగదిలోంచి చిన్న మూలుగు వినపడగానే యోహాను గుడ్డను బకెట్లో పడేసి పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిన మనిషి, ఆ మూలుగు వింటే మాత్రం కుర్రాడైపోతాడు. ఆ మూలుగుల్లో రకాలున్నాయి మరి. ఆకలిది వేరు, ఆటది వేరు. ముక్కు నేలకానించి గుండ్రంగా తిరుగుతూ చేసేది ఇంకొకటి. దానికి ఆలస్యం చేస్తే చాప తడుస్తుంది.

బీగిల్ జాతి కుక్కపిల్లను ఎత్తి తెచ్చి ప్రహరీ పక్క మట్టిలో దించాడు. గోధుమరంగు చెవులు నేలను ఊడుస్తుంటే అది అటూ ఇటూ వాసన చూసి, కాళ్ళు వంచి పని కానిచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు తలెత్తి చూసింది.

“శభాష్ చిన్నోడా! గిట్లనే. ఇయ్యాల్టి సంది పైన గూడ గిట్లనే చెప్పాలె, ఇనవడ్డదా?” అంటూ కాగితంలో చుట్టి తెచ్చిన ఉడికిన గుడ్డు ముక్క నోటికందించాడు.

అవును, అది ఇవాళే పైకి పోతుంది. గోపన్‌పల్లిలోని ఆ అపార్ట్‌మెంటుకు యోహాను వాచ్‌మన్. పిల్ల నాలుగో అంతస్తులో ఉండే కృష్ణప్రియది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆ అమ్మాయి ముచ్చటపడి తెచ్చుకుంటే, వచ్చిన పూటే అది దేవుడి గది ముందు తడిపి పెట్టింది. వంటింట్లో అప్పడాలు లాక్కుపోయింది. అత్తగారు రాజరాజేశ్వరిది భీమవరం వైపు, మడి మనిషి. అయినా కుక్కా నేనా అని పట్టుబట్టలేదు పాపం. బయటికెళ్ళి రావడం, పెట్టేదాకా ఆగడం, ఆ రెండూ వస్తేనే ఇంట్లో ఉంచండి, రాకపోతే ఎవరికైనా ఇచ్చేయండి అన్నారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దున పోతే చీకటిపడ్డాక వచ్చేవాళ్ళు. నేర్పేదెవరు? అలా ఎండాకాలం చివర్లో అది యోహాను చేతికొచ్చింది. ఇప్పుడు రోజూ వాన.

మెదక్ దగ్గర పల్లె అతనిది. ఈ చుట్టుపక్కల మేడలు లేస్తున్నప్పుడు ఇసుక మోశాడు, ఇటుకలు మోశాడు. మోయలేని వయసొచ్చాక గేటు దగ్గర కుర్చీ ఇచ్చారు. భార్య మార్తమ్మ ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాకే కంచంలో చెయ్యి పెట్టేవాళ్ళు. ఆమె దవాఖానలో కన్నుమూశాక అతనికి ప్రార్థన నోటికి రాలేదు. ఒక్కడి కోసం ఉడికించుకున్న మెతుకులకు పైకి ఏం చెప్పాలి? గబగబ మింగి గేటు దగ్గరికి పోయేవాడు. చిన్నోడు వచ్చిన పూట రెండు పళ్ళేలు పెట్టాడు. రెండు పళ్ళేలు కంటపడేసరికి చేతులు వాటంతటవే కలిశాయి.

ఇవాళ కూడా అంతే. దానికి పెరుగన్నం, తనకు పచ్చడన్నం.

“ఆగు,” అన్నాడు. చిన్నోడు కూర్చుంది. నోట్లోంచి చొంగ దారంలా సాగి నేలను తాకింది. యోహాను కళ్ళు మూసుకున్నాడు. “తండ్రీ, ఈ అన్నమిచ్చినందుకు స్తోత్రం. పెట్టినోళ్ళను, తినేటోళ్ళను సల్లగ సూడు. ఆమెన్.” అప్పుడు గాని అది పళ్ళెంలో మూతి పెట్టలేదు.

అది తింటుంటే యోహాను తన అన్నం మరిచి చూశాడు. పెళ్ళి విందుల్లో మనుషులే ఆగరు కదా, గుప్పెడంత గుండెకాయ ఉన్న దీనికి ఇంత ఓపిక ఎక్కడిది? కడుపు ఆకలంటుంది, ముక్కు తినమంటుంది. అయినా ఒక ముసలివాడు ఆగమన్నాడని ఆగుతుంది. ఇసుక నుంచి మేడలు లేవడం కళ్ళారా చూసినవాడే గాని, ఇంత వింత అతను ఎక్కడా చూడలేదు.

కాసేపటికి, ఇవాళ సెలవు పెట్టిన కృష్ణప్రియ కొత్త పట్టీ తెచ్చి చిన్నోడి మెడకు కట్టింది. “థాంక్స్ అంకుల్. చాలా హెల్ప్ చేశారు.” లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. యోహాను సగం తుడిచిన కారు దగ్గరికి నడిచాడు.

మధ్యాహ్నం దాటాక పైనుంచి పిలుపొచ్చింది.

హాల్లో స్టీలు పళ్ళెం నిండా పెరుగన్నం. పళ్ళెం ముందు చిన్నోడు నిటారుగా కూర్చుని ఉంది. ఆకలికి వెనక కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

“ఏవయ్యా యోహానూ, దొరగారికి మా చేతివంట నచ్చలేదటయ్యా!” అన్నారు రాజరాజేశ్వరి. “పెట్టి ఎంతసేపైందో. మూతి దగ్గరికి తోసినా ముట్టట్లేదు.”

“తిను అన్నాను, ఈట్ అన్నాను, బతిమాలాను అంకుల్,” అంది కృష్ణప్రియ. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

“నోరులేని జీవాన్ని మాడ్చి చంపలేం కదమ్మా,” అన్నారు ముసలావిడ నెమ్మదిగా. “సాయంత్రం దాకా చూద్దాం. తినకపోతే ఇతనికే ఇచ్చేద్దాం. ఇతని దగ్గరైతే బతుకుతుంది.”

యోహాను తల తిప్పి దాని వైపు చూశాడు. చిన్నోడు అన్నంకేసి చూడటం లేదు. తన చేతుల కేసి చూస్తోంది. ఎప్పుడు కలుస్తాయా అని చూస్తోంది. విషయం అప్పుడర్థమైంది అతనికి. నోరు మూసుకుంటే చాలు. పొద్దు గూకేలోగా చిన్నోడు మళ్ళీ తనదే. కాళ్ళ దగ్గర ఆ వెచ్చదనం, రెండో పళ్ళెం, అన్నీ తనవే.

కానీ ఆ వణుకుతున్న కాళ్ళు చూడు. తన మాట మీద కదా అది ఆకలిని పట్టి ఉంచింది!

“తప్పయిపోయిందమ్మా,” అన్నాడు. “నేను ప్రార్థన జేసి, ఆమెన్ అన్నంకనే ఇద్దరం తింటుంటిమి. నేర్పాలని నేర్పలే. అదే పట్టేసుకుంది. మీ దేవుడున్న ఇల్లు… కోపం జెయ్యకుండ్రి.”

రాజరాజేశ్వరి కళ్ళజోడు సర్దుకుని పిల్ల ముందుకు వంగారు.

“ప్రార్థన అయ్యేదాకా ఆగుతుందా ఇది? నిజంగానా?” ఆవిడ గొంతు తగ్గిపోయింది. “మేం విస్తరి ముందు గోవిందా అంటాం. ఉండు, చూద్దాం. గోవిందా!”

చిన్నోడు ఒక చెవి మాత్రం కదిపింది.

“ఉహూఁ. మావాడు కాదు,” అన్నారావిడ. కృష్ణప్రియకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆవిడ పైట భుజం మీదికి లాక్కుని, యోహాను వైపొకసారి చూసి, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నారు. “స్వామీ, ఈ పసిదానికి తిన్నది ఒంటపట్టనీ. ఆమెన్.”

పళ్ళెం గణగణలాడింది.

అది చివరి మెతుకు నాకేదాకా ముగ్గురూ అలా నిలబడే ఉన్నారు. “మా ఆయనకి ఎన్నేళ్ళు చెప్పానయ్యా, దేవుడికి చూపించేదాకా ఆగండీ అని! ఒక్కనాడైనా ఆగితేనా,” అన్నారు రాజరాజేశ్వరి కళ్ళు ఒత్తుకుంటూ. “రెండు పూటలా నేనే అంటాన్లే. గోవింద నామం మెల్లిగా నేర్చుకుంటుంది. తొందరేముంది?”

“జర మట్టిలకు తీస్కపోవాలమ్మా, తిన్నంక,” అన్నాడు యోహాను. చిన్నోడు కొత్త గడప, కొత్త కాళ్ళు వాసన చూసుకుంటూ లోపలికి పోయింది. అతను లిఫ్టు ఎక్కకుండా మెట్లన్నీ దిగి వచ్చాడు.

సాయంత్రం వాన వెలిశాక గది ఊడ్చాడు. చాప దులుపుతుంటే ఏదో టిక్కుమని గచ్చు మీద పడింది. బియ్యపుగింజ అనుకుని వంగి తీశాడు. కొస సూదిలా ఉంది. మొదలు దగ్గర చిన్న గుంట. పాలపన్ను. ఎప్పుడు ఊడిందో ఏమో, అది కుయ్యిమనైనా అనలేదు. తన ఒంట్లోని ఎముకముక్క ఒకటి ఇక్కడ రాల్చి, దాని చోట కొత్తది మొలిపించుకుంటూ మేడెక్కి పోయింది. యోహాను దాన్ని వెలుగులోకి పట్టుకున్నాడు. సున్నం, సిమెంటు తిని పగుళ్ళు పట్టిన ఆ అరచేతి మధ్యలో, పాలచుక్కంత తెల్లగా, ఆ పన్ను.