మా ఆవిడకి అంచులంటే ఇష్టం

కాగితంతో ఎంత అద్దినా మాంసం ముక్క ఇంకా తడిగానే ఉంది. ఆమె మరో కాగితం తీసి, పసిపిల్లకు ఒళ్లు తుడిచినట్టు మెల్లగా నొక్కి, తిరగేసి మళ్లీ నొక్కింది. తడి ఉంటే పెనం మీద కాలదు, ఉడికిపోతుంది. రెండు వేళ్ల మందం, అరచేయంత వెడల్పు, ఒక పక్కన పొడుగ్గా తెల్లటి కొవ్వు అంచు. ఒక్కటే ముక్క. ఫ్రిజ్‌లోంచి తీసి ముప్పావు గంటయింది. రెండు వైపులా ఉప్పు చల్లింది. తర్వాత గుర్తొచ్చి అంచు మీద కూడా చల్లింది.

ఆదివారం మధ్యాహ్నం. భర్త, అత్తగారు వదినగారింటికి భోజనానికి వెళ్లారు. ఆమెనూ రమ్మంటే తలనొప్పి అంది. అది నిజమో అబద్ధమో ఆమెకే సరిగ్గా తెలియదు. శుక్రవారం నుంచి ఒళ్లంతా మొద్దుబారినట్టుంది. చేతులు పని చేసుకుపోతున్నాయి, కాళ్లు నడుచుకుపోతున్నాయి, తను మాత్రం పక్కగదిలో ఎక్కడో కూర్చుని ఆ చప్పుళ్లు వింటున్నట్టుంది.

పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో స్టేక్, ఇలా పెనం మీద కాల్చే మందపాటి ముక్క, అంటే భర్త ఒక్కడికే. అత్తగారికి పళ్లు సహకరించవు. ఆయనకేమో ముక్క లోపలిదాకా గోధుమరంగుకు తిరగాలి, ఎక్కడ ఎరుపు కనిపించినా పళ్లెం వంటింట్లోకి తిరిగొస్తుంది. కూర్చోగానే ముందు కొవ్వు అంచు కోసి పక్కకు నెడతాడు. మధ్యది తినేశాక పళ్లెం ఆమె వైపు జరుపుతాడు. పెళ్లైన కొత్తలో అలా జరిపిన అంచును ఆమె తింది. "బాగుందా?" అన్నాడు. కొత్త కోడలు ఏమంటుంది? బాగుందంది. ఆ ఒక్క మాట ఆమె మెడకు చుట్టుకుంది. ఇంటికి ఎవరొచ్చినా, "మా ఆవిడకి అంచులంటే ఇష్టం. మధ్య ముక్క పెట్టినా ముట్టదు" అని నవ్వుతూ చెబుతాడు. వచ్చినవాళ్లు తమ పళ్లేల్లోని కొవ్వు కూడా కోసి, ప్రేమగా ఆమె పళ్లెంలో వేస్తారు. ఆమె అందరికీ థాంక్స్ చెబుతుంది.

పెనం పొయ్యి మీద పెట్టి మంట పెంచింది. బరువైన ఇనప పెనం, వేడెక్కడానికి టైం పడుతుంది. తొందరపడకూడదని చెప్పింది ముక్కలు కోసే పెద్దాయన. ఆమె పనిచేసేది సూపర్‌మార్కెట్‌ మాంసం విభాగంలో. అద్దం వెనక పెద్దాయన కోస్తాడు, ఆమె తూచి, చుట్టి, చీటీ అంటిస్తుంది. ఏడేళ్లలో ఆమె కళ్లకు ఎంత అలవాటైందంటే, తక్కెడ మీద పెట్టకముందే బరువు చెప్పేస్తుంది. అది చూసే కాబోలు, ఈసారి కటింగ్ శిక్షణకు పెద్దాయన ఆమె పేరు రాయించాడు. వేరే ఊళ్లో ఆరు వారాలు, ఉండటానికి గది వాళ్లే ఇస్తారు. తిరిగొచ్చాక చీటీలు కాదు, కత్తి చేతికొస్తుంది.

పోయిన వారం పని మధ్యలో పెద్దాయన ఊరికే అడిగాడు.

"ఏమ్మా, ఇన్నేళ్లుగా చుడుతున్నావు కదా, స్టేక్ నీకెలా ఉండాలి?"

"బాగా కాలాలండీ. కొంచెం ఎరుపున్నా ఒప్పుకోరు."

"అది మీ ఆయన నోరు. నేనడిగింది నీ నోటి సంగతి తల్లీ."

ఆమె చీటీ పట్టుకుని నిలబడిపోయింది. వెతికితే దొరుకుతుందేమోనని నిజంగానే లోపల వెతికింది. ఏమీ లేదు. చీటీ వేలికి అంటుకుపోయింది.

శుక్రవారం సాయంత్రం మేనేజర్ పిలిచాడు. "మీవారు ఫోన్ చేశారమ్మా. ఆ శిక్షణ మీకు ఇష్టం లేదన్నారు. పేరు కొట్టేశాను." ఆమె మొహంలో ఏం కనిపించిందో మరి, ఆగి, "జాబితా ఆదివారం నాలుగింటికి పంపిస్తాను. ఏదన్నా ఉంటే ఆలోగా మీరే వచ్చి చెప్పండి. ఫోన్లు మాత్రం వద్దు" అన్నాడు. ఆమె సరేనండీ అంది. వెళుతూ వెళుతూ ఒక ముక్క కొనుక్కుంది. పెద్దాయన "ఒక్కటేనా?" అని అడిగి, మళ్లీ తనే తల ఊపి, మంచిది ఏరి ఇచ్చాడు. ఇంటికొచ్చి వంట చేసింది, గిన్నెలు తోమింది, శనివారం బట్టలు ఉతికింది. భర్తను ఏమీ అడగలేదు. అడగాలని అనిపించలేదు. కోపం వస్తే బాగుండునని మాత్రం రెండు మూడుసార్లు అనుకుంది.

పెనం నుంచి సన్నగా పొగ లేచింది. నూనె వేసి ముక్క పెట్టింది. చుయ్యిమని ఇల్లంతా వినిపించేంత చప్పుడు. కదపకుండా మూడు నిమిషాలు నిలబడి, తిప్పింది. పైన నల్లగా, ఎర్రగా పెచ్చు కట్టింది. వెన్న, చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, కరిగిన వెన్నను చెంచాతో తీసి ముక్క మీద పోస్తూ ఉంది. పట్టుకారుతో ముక్కను నిలబెట్టి కొవ్వు అంచును పెనానికి ఆనించింది. వేలితో నొక్కి చూసింది. మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. చాలు. తీసి చెక్క మీద పెట్టింది. ఇంక ఏడెనిమిది నిమిషాలు దాని జోలికి పోకూడదు. వెంటనే కోస్తే రసమంతా కారిపోతుంది.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. పెందలాడే వచ్చేశారు.

"ఏంటే ఈ పొగ?" అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "తలనొప్పన్నావు?"

"ఎవరన్నా వస్తున్నారా?" అన్నాడు భర్త.

"ఎవరూ రావట్లేదండీ."

"మరి ఎవరికి?"

"నాకే."

అత్తగారు చిన్నగా నవ్వింది. "ఒక్కదానికోసం ఇంత హంగామానా! మా రోజుల్లో మాకంటూ పొయ్యి వెలిగించుకోవడం ఎరగం తల్లీ."

ఆగాల్సినంత సేపూ ఆగి, ఆమె ముక్కను పళ్లెంలో పెట్టుకుని కూర్చుంది. అడ్డంగా కోసింది. మధ్యలో గులాబీ రంగు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. ఉప్పగా, వెచ్చగా ఉంది. బాగుందో లేదో తేలలేదు. తేల్చుకుందామని ఇంకోటి పెట్టుకుంది.

"పచ్చిగా ఉందే! అలా తింటారా ఎవరన్నా?" ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "అవునూ, మీ మేనేజర్‌కి నేనే చెప్పేశాలే. ఆరు వారాలు ఎక్కడో గదిలో, ఆ కత్తులూ రక్తాలూ... నువ్వుండలేవు. మొహమాటానికి ఊఁ అనుంటావని నాకు తెలుసు. నీ ఇష్టాలు నాకు తెలియవా?"

మాట్లాడుతూనే పళ్లెం తన వైపు లాక్కున్నాడు. ఆమె చేతిలోని కత్తి కోసం చేయి చాపాడు. ఆమె ఇచ్చింది, పన్నెండేళ్ల అలవాటు. ఆయన కొవ్వు అంచును నేర్పుగా కోసి, ఫోర్కుతో పళ్లెం చివరకు, ఆమె వైపుకు నెట్టాడు. "ఇదిగో, నీది" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే ఆమెకు ఇష్టమైనది ఇస్తున్నాననుకుంటున్నాడు. అది చూశాక ఆమెకు ఆయన మీద కోపం రాదని, ఇక ఎప్పటికీ రాకపోవచ్చని, అది వచ్చేదాకా ఆగక్కర్లేదని తెలిసింది.

పళ్లెం రెండు చేతులతో పట్టుకుని వెనక్కి జరుపుకుంది. ఆయన చేయి గాల్లో ఆగిపోయింది.

"ఏంటి, నాకు పెట్టవా?"

"ఒక్కరికే చేశానండీ."

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఆమె కత్తి, ఫోర్కు మళ్లీ తీసుకుని, ఆగి ఆగి, ఒక్కో ముక్కా నములుతూ తింది. నాలుగో ముక్క దగ్గర తేలింది. ఇంకాస్త ఎర్రగా ఉంటే బాగుండేది. అంతే, అంత చిన్న సంగతి. ఎవరికీ చెప్పాలనిపించలేదు.

తిన్నాక లేచింది. చేతులు కడుక్కుంది. పళ్లెం, పెనం, నూనె చిందిన పొయ్యి, అన్నీ అలాగే ఉన్నాయి. గదిలోకి వెళ్లి, దుకాణం గుర్తింపు కార్డు మెడలో వేసుకుని వచ్చింది.

"ఇవాళ సెలవు కదా, ఎక్కడికి?" అన్నాడు ఆయన. "నిన్నే! ఈ గిన్నెలు ఎవరు తోముతారు?"

ఆమె చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా లాగి, మెట్లు దిగింది.